తమ్ముడికి 42 వేల ఫోన్ కొనాలా? వ్యూస్ రాకపోతే అన్నం మానేస్తున్నాడు

కాశీబుగ్గ_అప్ప
మా తమ్ముడికి 17 ఏళ్లు. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పదో తరగతి దాకా ఏమవుతావురా అంటే రైలింజను నడుపుతాననేవాడు. పలాస స్టేషన్ పక్కన పెరిగిన పిల్లాడు కదా. ఇప్పుడు అడిగితే "ఫేమస్ అవుతాను" అంటున్నాడు. దేంట్లోరా అంటే జవాబు లేదు. డాన్సా, కామెడీయా, పాటలా? ఏదో ఒకటట, ముందు ఫేమస్ అవ్వాలట.

నాన్న లేరు. అమ్మ జీడి మిల్లులో పిక్క కొడుతుంది. నేను మందుల షాపులో బిల్లింగ్ చేస్తాను. ఇప్పుడు వాడికి 42 వేల ఫోన్ కావాలి, ఈఎంఐలో. దాంతోపాటు కాలర్ మైకు, రింగు లైటు.

పది రోజులుగా సరిగ్గా తినడం లేదు. రీల్ పెట్టిన గంటసేపు ఫోన్ వంకే చూస్తుంటాడు. రెండొందలు దాటకపోతే ఆ పూట కంచం ముందు కూర్చోడు. నిన్న గట్టిగా అడిగాను, నీకేటి తక్కువైందిరా అని. "నేనెవరికీ కనబడను అప్పా" అన్నాడు (మా వైపు అక్కని అప్ప అంటారు). ఆ మాటకి నాకేం చెప్పాలో తెలియలేదు.

ఫోన్ కొనాలా, వద్దా? మీ ఇళ్లల్లో కూడా ఇలాగే ఉందా?

డేఅండ్‌నైట్_జంక్షన్
కొనకు. అయిపోయింది. థ్రెడ్ మూసేయండి.

రాజాం_రాజు
42 వేలకి మా వైపు ఓ మోస్తరు ఆవు వస్తుంది. అది అలిగి గడ్డి మానెయ్యదు కూడా.

గంటస్తంభం_గణపతి
హీరోల పిచ్చి ఇవాళ పుట్టిందా? విజయనగరంలో నేను చేసిన వేషాలు వినండి. బెనిఫిట్ షో కోసం రాత్రి రెండింటి నుంచి హాలు గేటు దగ్గరే. ఇంట్లో టీలోకి పాలు లేని రోజున కటౌట్ మీద ఆరు ప్యాకెట్లు పోశాను. మా నాన్నకి తెలిసి చెప్పు తీశాడు. ఎదుటి హీరో ఫ్యాన్స్‌తో కొట్లాడి ముందు పన్ను విరగ్గొట్టుకున్నాను, ఇప్పటికీ కట్టుడు పన్నే.

కానీ ఒక్క రోజు కూడా నేను హీరో అవుతాననుకోలేదు. ఆయన ఆయనే, నేను నేనే. సినిమా అయ్యాక సైకిలెక్కి ఇంటికొచ్చి నిద్రపోయేవాణ్ణి. కాలర్ ఎగరేసుకుని తిరిగేవాణ్ణి గానీ, నేనెందుకూ పనికిరానని ఎప్పుడూ అనిపించలేదు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
గణపతి గారి చివరి నాలుగు ముక్కలు మళ్లీ చదవండి. అసలు సంగతి అక్కడుంది. అప్పటి హీరో ఆకాశంలో ఉండేవాడు, వాడితో పోల్చుకోవాలన్న ఊహే రాదు. ఇప్పుడు ఫేమస్ అయినవాడు పక్క వీధివాడు. మన పిల్లాడి వయసే, మన పిల్లాడి లాంటి ఇల్లే. వాడికి వచ్చింది నాకెందుకు రాలేదన్న ప్రశ్న ఊరుకోనివ్వదు.

31 ఏళ్లు పాఠం చెప్పాను. ప్రతి ఏడూ జూన్‌లో తొమ్మిదో తరగతి వాళ్ల చేత ఏమవుతారో రాయించేవాణ్ణి. ఎక్కువమంది మిలటరీ, ఎస్సై, టీచరు. ఆడపిల్లలు నర్సు అని రాసేవారు. రిటైరయ్యే ముందు ఏడాది ఒకడు "సెలబ్రిటీ" అని రాశాడు. ఆ ఉద్యోగంలో పనేమిటి నాయనా అంటే, కాసేపు ఆలోచించి "రిబ్బన్ కటింగ్ సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు.

డేఅండ్‌నైట్_జంక్షన్
రిబ్బన్ కటింగ్‌కి నోటిఫికేషన్ పడితే చెప్పండి మాస్టారూ, నేనూ అప్లై చేస్తాను.

ఎచ్చెర్ల_సైకాలజీ
మాస్టారు చెప్పినదాన్నే లియాన్ ఫెస్టింగర్ అనే సైకాలజిస్టు 1954లో సిద్ధాంతంగా రాశాడు. మనిషి తన విలువని గజంబద్దతో కొలుచుకోలేడు, ఇంకో మనిషిని పక్కన పెట్టుకుని కొలుచుకుంటాడు. అదీ తనలాంటివాడనిపించిన మనిషిని.

ఇంకొకటి. అమెరికాలో ఉల్స్, గ్రీన్‌ఫీల్డ్ అని ఇద్దరు 1967 నుంచి 2007 దాకా పదేళ్లకొకసారి, 9 నుంచి 11 ఏళ్ల పిల్లలు ఎక్కువగా చూసే టీవీ కార్యక్రమాలను పరిశీలించారు. అవి ఏ విలువలు నేర్పుతున్నాయని 16 విలువలకు ర్యాంకులు ఇచ్చారు. 1997లో పేరుప్రఖ్యాతులది 15వ ర్యాంకు. 2007కి మొదటి ర్యాంకు. మన ఊరు, మన వాళ్లు అనే భావన 11కి దిగిపోయింది. అప్పటికి ఇన్‌స్టాగ్రామ్ పుట్టలేదు కూడా, అది 2010లో వచ్చింది.

కాబట్టి తప్పంతా ఫోన్‌ది కాదు. ఫేమస్ అవడమే గొప్ప అని ముందు మనమే టీవీలో చూపించాం. ఫోన్ వచ్చాక చేతిలో పెట్టాం.

బొబ్బిలి_బాబాయ్
ఎచ్చెర్ల నుంచి ఫ్రీ లెక్చరు. అటెండెన్స్ వేస్తారా?

ఎచ్చెర్ల_సైకాలజీ
మీకు ఎలాగూ 75 శాతం రాదు బాబాయ్.

అప్ప గారూ, పది రోజులుగా సరిగ్గా తినడం లేదన్నది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 14416, టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. ఫోన్ చేస్తే డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. వాడు చెయ్యనంటే మీరే చేసి ఎలా మాట్లాడాలో అడగండి.

రాజాం_రాజు
డబ్బుతో పేరు కొనుక్కోవడం మన జిల్లాకి కొత్తేం కాదు. విజయనగరం మహారాజకుమార్ విజ్జీ 1936లో ఇండియా టీమ్‌కి కెప్టెన్ అయ్యి ఇంగ్లండ్ వెళ్లాడు. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఓడెక్కించి ఇంటికి పంపించేశాడు. ఫాలోవర్లని కొనుక్కున్న మొదటి ఇన్‌ఫ్లుయెన్సర్ మనవాడే.

గంటస్తంభం_గణపతి
విజ్జీ స్టేడియంలో రోజూ వాకింగ్ చేస్తాను రాజూ. ఆయన్నేమన్నా అంటే ఊరుకోను. 33 అయినా కొట్టాడు, నువ్వెన్ని కొట్టావు?

పాత_టిక్కుటాకు
అప్పా, నీ తమ్ముడి మాట నాకర్థమైంది. నేను వాణ్ణే, కాకపోతే ఆరేడేళ్ల ముందు.

మాది పాలకొండ దగ్గర. డిగ్రీ ఫెయిలై ఖాళీగా ఉన్నప్పుడు టిక్‌టాక్‌లో డైలాగులు చెప్పేవాణ్ణి. లక్షా పాతిక వేల మంది ఫాలోవర్లు. శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్ దగ్గర సెల్ఫీ అడిగారు. ఒక బట్టల షాపువాడు రెండు చొక్కాలు ఇచ్చాడు, ఒక పెళ్లివాళ్లు కారు పంపించారు. మా నాన్న తోటలో పనికి రమ్మంటే "నేనెవరో తెలుసా నీకు" అన్నాను. కన్నతండ్రితో అన్నాను ఆ మాట.

2020 జూన్ 29 రాత్రి బ్యాన్ చేశారు. ఒకట్రెండు రోజుల్లో యాప్ ఆగిపోయింది. లక్షా పాతిక వేల మందిలో ఒక్కడు కూడా "ఏమైపోయావు బ్రో" అని ఫోన్ చెయ్యలేదు. చెయ్యాలన్నా వాళ్ల దగ్గర నా నంబరు లేదు. అసలు వాళ్లకి నా పేరే తెలియదు, ఐడీ తెలుసంతే. ఏడెనిమిది నెలలు గడప దాటలేదు. అద్దంలో చూసుకుంటే ఎవడో కొత్తవాణ్ణి చూసినట్టుండేది.

తర్వాత ఏసీ మెకానిక్ పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఎండాకాలం వస్తే నాకు రోజుకి యాభై ఫోన్లు. ఇవన్నీ నిజం ఫోన్లు, అవతల చెమట్లు కారుతున్నవాళ్లు.

లెక్క కూడా వినండి. యూట్యూబ్‌లో యాడ్ల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు 12 నెలల్లో 4,000 గంటలు జనం చూడాలి, లేకపోతే షార్ట్స్‌కి 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. అది గేటు మాత్రమే. గేటు దాటితే జీతం వచ్చేస్తుందని కాదు.

ఫోన్ కొనకు. వాణ్ణి తిట్టకు కూడా. నన్ను తిట్టిన ప్రతిసారీ ఇంకో వీడియో పెట్టాను.

బొబ్బిలి_బాబాయ్
నాన్నతో మాట కలిసిందా?

పాత_టిక్కుటాకు
కలిసింది బాబాయ్. వాళ్ల గదిలో ఏసీ పెట్టాను. చలేస్తుందని ఆపేసుకుంటాడు.

నెల్లిమర్ల_బార్‌బెల్
మీరందరూ పేరున్నవాళ్లని చూసి పిల్లలు పాడవుతారన్నట్టే రాస్తున్నారు. నాకు ఆ పేరే బతుకునిచ్చింది.

2000 సెప్టెంబరు 19. సిడ్నీలో 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తింది. స్నాచ్ (ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారత మహిళ. ఎక్కడి మనిషి? ఆమదాలవలస పక్కన ఊసవానిపేట. మా అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్లే బస్సు అటువైపే వెళ్తుంది. అప్పుడు నాకు పదకొండేళ్లు. బరువులెత్తితే పిల్లలు పుట్టరని మా వీధిలో ఆడవాళ్లు గట్టిగా నమ్మేవాళ్లు. ఆ పతకం తర్వాత మా నాన్నే నన్ను తీసుకెళ్లి వ్యాయామశాలలో దింపాడు.

మా మండలంలో కొండవెలగాడ అనే ఊరుంది. అక్కడ మగపిల్లలూ ఆడపిల్లలూ బార్ ఎత్తుతారు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో 53 కిలోల్లో కాంస్యం గెలిచింది. మొదటి స్థానంలో ఉన్న నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికాక అది వెండి అయింది. అలాంటి ఊళ్లో పిల్లలు కళ్లముందు చూసేది ఫొటో కాదు. పొద్దున్న ఐదింటికి సాధన, అరచేతుల్లో కాయలు, మోకాలికి చుట్టిన గుడ్డ. పతకం ఎంత దూరంలో ఉందో వాళ్లకి తెలుసు.

రీల్‌లో అది కనబడదు. ముప్పై సెకన్లలో గెలిచినవాడి మొహం కనబడుతుంది, అంతే. సిడ్నీలో క్లీన్ అండ్ జెర్క్‌లో మల్లీశ్వరి చివరి ప్రయత్నం 137.5 కిలోలు, అది లేవలేదు. లేచుంటే బంగారం. మా కోచ్ మాకు పతకం గురించి చెప్పింది తక్కువ, ఆ లేవని బరువు గురించి చెప్పింది ఎక్కువ.

డేఅండ్‌నైట్_జంక్షన్
మంచి పోస్టే. కానీ అక్కా, మీతో పాటు బార్ ఎత్తిన మిగతావాళ్లు ఏమయ్యారు?

నెల్లిమర్ల_బార్‌బెల్
అడుగుతారనుకున్నాను. నాతో పన్నెండుమంది. ఇద్దరికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలు వచ్చాయి, నేను ఒకదాన్ని. ఒకమ్మాయికి నడుం పోయింది, ఇప్పటికీ బిందె ఎత్తలేదు. మిగతావాళ్లకి పెళ్లిళ్లయ్యాయి.

డేఅండ్‌నైట్_జంక్షన్
అదే నేననేది. కళాశాలలో చదువుకుంటూ ఘంటసాల విజయనగరం వీధుల్లో జోలె పట్టి మధుకరం ఎత్తుకున్నాడని ప్రతి సంగీతసభలో చెప్తారు. నిజమే. జోలె పట్టి ఘంటసాల కాలేకపోయినవాడి కథ ఏ సభలో చెప్తారు? కష్టపడితే వస్తుందనేది కూడా రీల్ లాంటిదే. కొంచెం పొడుగు రీలు.

నెల్లిమర్ల_బార్‌బెల్
అలా కాదు. నడుం పోయిన ఆ అమ్మాయి ఇవాళ్టికీ "నేను 80 కిలోలు ఎత్తాను" అని చెప్పుకుంటుంది. ఎవరూ చూడకపోయినా ఎత్తిన 80 కిలోలు 80 కిలోలే. వ్యూస్ రాని రీల్ వేసినవాడికి చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

డేఅండ్‌నైట్_జంక్షన్
ఎడిటింగ్ మిగులుతుంది. మా మేనల్లుడు రీల్స్ చేసి చేసి ఇప్పుడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాడు. బాగానే గిడుతోంది. అన్నీ ఒకే గాటన కట్టకండి.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు
మొదటి పోస్టులో "కొనకు, అయిపోయింది" అన్నది తమరే కదా?

డేఅండ్‌నైట్_జంక్షన్
ఫోన్ వద్దన్నాను మాస్టారూ, పిల్లాడు వద్దనలేదు.

సోంపేట_సిరి
నేను ఇంకో వైపు నుంచి చెప్తాను. తమ్ముడు "కనబడను" అన్నాడు కదా, మా సమస్య దానికి తిరగేసి. మేం కనబడితే నవ్వుతారు.

హైదరాబాద్ హాస్టల్‌లో మొదటి రోజు "ఏటి, కూర అయిపోనాదేటి?" అన్నాను. గదంతా పగలబడి నవ్వింది. ఒకమ్మాయి "మళ్లీ అను, మళ్లీ అను, సినిమాలోలా ఉంది" అంది. మన యాస ఎవరికిస్తారో చూడండి సినిమాల్లో. పనిమనిషికి, వాచ్‌మన్‌కి, బకరా అయ్యేవాడికి. హీరోకి పెట్టింది చాలా తక్కువ. చిన్నప్పటి నుంచి నేనూ చూసి నవ్వినదాన్నే, అది మా అమ్మ మాటేనని తట్టలేదు.

నాలుగు నెలల్లో మాట మార్చేశాను. రాత్రిళ్లు యాంకర్ల వీడియోలు పెట్టుకుని వాళ్లలా పలికేదాన్ని. వాళ్ల మాట, వాళ్ల జుట్టు, వాళ్ల రంగు. ఫిల్టర్ లేకుండా ఫొటో దిగడం మానేశాను. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే టెర్రస్ మీదికెళ్లేదాన్ని, అమ్మతో మాట్లాడేటప్పుడు యాస వచ్చేస్తుంది కదా, ఎవరూ వినకూడదని. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా సిగ్గేస్తోంది. యాసకి కాదు, టెర్రస్‌కి.

బొబ్బిలి_బాబాయ్
ఇప్పుడు మన యాసతో చేసే యూట్యూబ్ కుర్రాళ్లకి మంచి పేరు వస్తోంది కదమ్మా. కాలం మారింది.

సోంపేట_సిరి
సగం మారింది బాబాయ్. వాళ్లలో కొందరు నిజంగా మన ఇళ్లల్లోలాగే మాట్లాడతారు, చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఇంకొందరు మాత్రం గళ్ల లుంగీ కట్టి, నోరు వంకర పెట్టి, లేని సాగదీత పెట్టి అమ్ముతున్నారు. సినిమావాళ్లు చేసిన వెక్కిరింపే ఇప్పుడు మనం సొంతంగా చేసుకుంటున్నాం. వ్యూస్ అక్కడే వస్తాయి మరి.

ఎచ్చెర్ల_సైకాలజీ
రంగు అన్నారు కాబట్టి ఒక్క మాట. 2021లో బయటపడ్డ ఫేస్‌బుక్ లోపలి కాగితాల్లోనే ఉంది, ప్రతి ముగ్గురు టీనేజీ అమ్మాయిల్లో ఒకరికి తమ శరీరం గురించి ఉన్న బాధని ఇన్‌స్టాగ్రామ్ పెంచుతోందని. వేరేవాళ్ల ఆరోపణ కాదది, కంపెనీ సొంత పరిశీలన. మగపిల్లల మీద కూడా ఉంటుంది, వాళ్లు బయటికి చెప్పరు.

రాజాం_రాజు
లెక్చరు నంబరు రెండు. కానీ ఈసారి బుద్ధిగా విన్నాను.

గంటస్తంభం_గణపతి
అందరూ ఏదేదో రాశారు గానీ అప్ప మళ్లీ కనబడలేదు. పిల్లాడు తిన్నాడా?

కాశీబుగ్గ_అప్ప
షాపులో ఉన్నానండి, ఇప్పుడే ఇంటికొచ్చాను. అన్నీ చదివాను. టిక్‌టాక్ అన్నయ్య పోస్టు స్క్రీన్‌షాట్ తీసి వాడికి పంపించాను. చూశాడు, జవాబివ్వలేదు. మధ్యాహ్నం రెండు ముద్దలు తిన్నాడట.

పలాస_పిక్క
అప్పా నువ్వు స్క్రీన్‌షాట్ పంపితే పైన సైట్ పేరు కనబడుతుందని తెలీదా?

రెండొందలు కాదు, నా రీల్స్‌కి మామూలుగా మూడొందల నలభై దాకా వస్తాయి. అది సరిగ్గా రాయి ముందు.

రాజాం_రాజు
వచ్చాడండీ హీరో. ఎంట్రీకి విజిల్స్ వెయ్యండి.

పాత_టిక్కుటాకు
రాజూ కాసేపు ఆగు. చెప్పు తమ్ముడూ.

పలాస_పిక్క
వ్యూస్ రాక తినడం మానేశానని అప్ప అనుకుంటోంది. వ్యూస్ వచ్చినందుకే.

పోయిన వారం ముందు అమ్మ మిల్లు నుంచి రాగానే ఒక రీల్ తీశాను. పిక్క కొట్టేటప్పుడు జీడి రసం అంటకుండా వేళ్లకి బూడిద ఎలా రాసుకుంటారో చూపించమన్నాను. అమ్మ చూపించింది, మధ్యలో "ఏటిరా ఇది కూడా తీత్తావా" అని నవ్వింది. ఒక్క రాత్రిలో పదకొండు వేల వ్యూస్. జీవితంలో మొదటిసారి. పొద్దున్న లేచి కామెంట్లు చూశాను. సగం మంది అమ్మ మాటని వెక్కిరించారు. నల్లటి వేళ్ల మీద ఏదేదో రాశారు. మా క్లాస్ వాళ్లు కూడా ఇద్దరు నవ్వే బొమ్మలు పెట్టారు. డిలీట్ చేసేశాను.

అమ్మకి ఇవేం తెలీదు. రోజూ అన్నం పెడుతూ "ఆ వీడియో ఏదిరా, మిల్లులో అందరూ చూపించమంటున్నారు" అని అడుగుతోంది. అందుకే ఆ టైముకి అన్నం దగ్గర కూర్చోవట్లేదు.

కొత్త ఫోన్ కెమెరాలో స్కిన్ టోన్ మార్చుకోవచ్చు. అందులో తీస్తే అమ్మ వేళ్లు అంత నల్లగా కనబడవని.

సోంపేట_సిరి
అయ్యో నాయనా.

గంటస్తంభం_గణపతి
నాకేం రాయాలో తెలియట్లేదు. ఆ ఇద్దరి పేర్లు చెప్తే మాత్రం ట్రైనెక్కి వస్తాను.

నెల్లిమర్ల_బార్‌బెల్
మా కోచ్ చేతులు కూడా అలాగే ఉండేవి తమ్ముడూ.

కాశీబుగ్గ_అప్ప
ఇన్ని రోజులూ నాకొక్క మాట చెప్పలేదేటిరా.

పలాస_పిక్క
ఇక్కడ రాయకు అప్పా. ఇంట్లో మాట్లాడదాం.

కాశీబుగ్గ_అప్ప
పక్క గదిలోనే ఉన్నాను. గడియ తీయి.

పాత_టిక్కుటాకు
తమ్ముడూ, ఒక్క విషయం. ఇన్‌స్టాలో డిలీట్ చేసిన రీల్ వెంటనే పోదు. సెట్టింగ్స్‌లో రీసెంట్లీ డిలీటెడ్ అని ఉంటుంది, అక్కడ 30 రోజులు ఉంచుతుంది. ముందు దాన్ని ఫోన్‌లోకి సేవ్ చేసుకో. మిల్లులో వాళ్లకి చూపించడానికి ఇన్‌స్టా అక్కర్లేదు కదా.

కాలర్ మైకు నా దగ్గర పాతది ఒకటి పడుంది. శనివారం పలాసలో సర్వీస్ పని ఉంది, తెస్తాను. డబ్బులొద్దు.

బొబ్బిలి_బాబాయ్
ఏసీ కూడా పెడతావా?

పలాస_పిక్క
చూశాను అన్నా. ఉంది. ఇంకా 20 రోజులు అని చూపిస్తోంది.